బొబ్బిలి యుద్ధాన్ని టేబుల్ మీద ఆడొచ్చా?

బురుజు28 (ఎంవీపీ కాలనీ)

సంక్రాంతి సెలవుల్లో నలుగురూ వచ్చి చూసేలా ఒక పెద్ద గేమ్ పెడదామని, బొమ్మ సైనికులతో, పాచికలతో పాత యుద్ధాల్ని టేబుల్ మీద ఆడే మన విశాఖ బృందం అనుకుంటోంది కదా. నేను బొబ్బిలి పేరు చెప్పాను. 1757 జనవరి 24, కోట ముట్టడి, 28 మిల్లీమీటర్ల బొమ్మలతో. మొన్న కలిసినప్పుడు సగం మంది సై అన్నారు. సగం మంది "అది ఆడే యుద్ధం కాదు" అని తేల్చేశారు. ఎదురెదురుగా కూర్చుంటే గొంతులు పెరుగుతున్నాయి, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనం వాటర్లూ ఆడతాం. పానిపట్టు ఆడతాం. రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో జరిగిన బొబ్బిలిని మాత్రం పాటలో విని, కళ్లు తుడుచుకుని వదిలేస్తాం. విజయనగరం రాజుతో కలిసి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు మట్టి కోట గంటల తరబడి ఎలా నిలిచింది? గోడకి గండి పడ్డాక కూడా దాడి చేసినవాళ్లు ఎందుకు వెనక్కి రావాల్సి వచ్చింది? ఇవి టేబుల్ మీద పెట్టి చూస్తేనే బుర్రకెక్కుతాయి. కథగా విన్నప్పుడు బొబ్బిలి ఓటమి ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. ఆటలో ప్రతి టర్న్‌లోనూ ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. బొబ్బిలి రాజా రంగారావు కూడా ఆ రోజు అలా నిర్ణయాలు తీసుకుంటూనే పోరాడాడు. ఆయన్ని విధికి బలైనవాడిగా కాక, ఆలోచించిన సేనానిగా చూడటమే గౌరవమని నా నమ్మకం.

కోట పని మొదలైంది. బురుజులు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తిప్పించాను, లక్క పూయకుండా. పైన పుట్టీ, సన్న ఇసుక, ఆపైన ఎర్రమట్టి రంగు. ఈ కోటకి మన జిల్లాల కర్రే వాడాలని మొదటినుంచీ నా కోరిక.

వేగావతి

మాది బొబ్బిలి. ఉద్యోగం ఇక్కడ. ఈ మధ్యనే బొమ్మలకి రంగులేయడం నేర్చుకుంటున్నాను, కాబట్టి ఈ హాబీ మీద నాకు చిన్నచూపేమీ లేదు. అయినా వద్దంటాను.

అన్నా, మీరు గోడ గురించి రాశారు, గండి గురించి రాశారు. లోపల ఏం జరిగిందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. కోట నిలవదని తెలిశాక ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంత మనుషులే చంపేశారు, ఇళ్లకి నిప్పు పెట్టారు. మిగిలిన మగవాళ్లు చావు కోసమే ఎదురెళ్లారు. అంతా అయ్యాక ఒక ముసలాయన రంగారావు కొడుకుని, పసివాణ్ని, తెచ్చి ఫ్రెంచివాళ్లకి అప్పగించాడని కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా కాపాడానన్నాడట. ఆ బిడ్డే చినరంగారావు.

మన ఆటలో ఆరు పడితే కేక పెడతాం. ఆ ఉత్సాహం లేకపోతే ఆటే లేదు, అందులో తప్పు పట్టను. కానీ ఆ కేక బొబ్బిలి కోట ముందు, సెలవులకి పిల్లల్ని తీసుకొచ్చిన జనం మధ్య వినబడటం నాకు ఇష్టం లేదు. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. మీ టేబుల్ మీద అంతఃపురం ఎక్కడుంటుంది? దానికి ఎన్ని పాయింట్లు?

పాచిక

వాటర్లూలోనూ వేలమంది పోయారు కదండీ. దూరపువాళ్ల చావు ఆట, మనవాళ్ల చావు పవిత్రం అంటే ఏటి న్యాయం? రూలు ఒకటే ఉండాలి.

వేగావతి

వాటర్లూలో సైన్యాలు సైన్యాలతో తలపడ్డాయి. నేను దూరం సంగతి మాట్లాడట్లేదు. ఏ దేశపు కథైనా సరే, పసిపిల్లలు చచ్చిపోయిన ఘట్టాన్ని పాచికలతో ఆడదామంటే ఇదే మాట అంటాను.

ఎర్రకోటు1758 (గాజువాక)

ఆమె ఊరి మాట పక్కన పెట్టినా, గేమ్‌గా చూసినా బొబ్బిలి నాకు నచ్చదు. ఒక పక్క ఫిరంగులు, పెద్ద సైన్యం, విజయనగరం బలగం. ఇంకో పక్క మట్టిగోడ. కోట పక్షాన ఆడేవాడికి మిగిలేది "చరిత్రలో కంటే ఒక టర్న్ ఎక్కువ నిలబడ్డాను" అనుకోవడమే. విజయనగరం రాజుకీ ఇంగ్లీషు కంపెనీకీ జరిగిన పద్మనాభం యుద్ధం కూడా అంతే. 1794 జూలై 10న ముప్పావు గంటలో ముగిసిపోయింది, రాజు అక్కడే నేలకొరిగాడు. దాన్ని ఎవరైనా డయోరమాగా, అంటే కదపకుండా చూసే బొమ్మల దృశ్యంగా, చేస్తే దండం పెట్టి చూస్తాను. ఆడటానికి అందులో ఏముంది?

నా ఓటు చందుర్తికి. గొల్లప్రోలు దగ్గర, 1758 డిసెంబరు. పైగా బొబ్బిలి కథకి అదే కొనసాగింపు. బొబ్బిలి పడిన కొద్ది రాత్రులకే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు పెదవిజయరామరాజుని డేరాలో పొడిచి చంపాడు. గద్దెనెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో పడలేదు. ఆయన 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఆ సైన్యం దిగింది మన రేవులోనే. అంటే ఈ యుద్ధం మన బీచ్ దగ్గర మొదలై చందుర్తి పొలాల్లో తేలింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పడిపోయి, ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల ఆట కట్టింది.

ఇక గేమ్‌గా చూడండి. రెండువైపులా యూరోపియన్ పటాలాలు దాదాపు సమానం. సిపాయిల్లో, ఫిరంగుల్లో ఫ్రెంచి సేనాని కాన్ఫ్లాన్‌దే పైచెయ్యి. అయినా ఫోర్డ్ గెలిచాడు. ఎలాగంటే, ఫోర్డ్ యూరోపియన్ పటాలం ఏపుగా ఎదిగిన చేను చాటున ఉండిపోయింది. పక్కన నిలిచిన సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. సిపాయిలంటే దేశవాళీ బట్టల్లో ఉంటారని అలవాటుపడిన ఫ్రెంచివాళ్లు వాళ్లనే యూరోపియన్లనుకుని తమ ఉత్తమ పటాలాన్ని అటు తిప్పారు. సిపాయిలు చెదిరారు. వాళ్లని తరుముతూ వరస తప్పిన ఫ్రెంచి పటాలం పక్కకి చేను చాటునుంచి అసలు పటాలం వచ్చి కాల్పులు జరిపింది. ఒక కోటు రంగు యుద్ధాన్ని తిప్పేసింది! రంగులేయడం మీద ప్రాణం పెట్టే మనకి ఇంతకంటే ఏం కావాలి? రెండడుగుల దూరంనుంచి చూస్తే ఏవి సిపాయి బొమ్మలో, ఏవి యూరోపియన్ బొమ్మలో తెలియకుండా ఒకే ఎరుపు వెయ్యాలి. ఫ్రెంచి పక్షం ఆడేవాళ్లకి ముందు చెప్పకూడదు. అదీ గేమంటే.

సన్నకుంచె

ఆడాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. నేను బొమ్మలవైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఈ చర్చలో అది అసలు రాలేదు.

బొబ్బిలి వెలమ యోధుడని ఎవరూ బొమ్మ పోయట్లేదు. ఆ కాలపు దక్షిణాది సిపాయి, పాళెగాడి బంటు బొమ్మలు తెప్పించి, తలపాగా పుట్టీతో మార్చి, బల్లెం బదులు కత్తి పెట్టుకుని తయారుచేసుకోవాల్సిందే. అప్పుడు మొదటి చిక్కు చర్మం రంగుతో వస్తుంది. యూరప్ సీసాల్లో చర్మం రంగని వచ్చేది మన మనుషులకి పనికిరాదు. ముదురు గోధుమ, ఇటుక ఎరుపు, కాస్త పసుపు కలిపి మూడు నాలుగు ఛాయలు తయారుచేసుకుంటాను, పటాలంలో అందరికీ ఒకటే ఛాయ పడకుండా. ధోవతి తెల్లగా ఉండాలని నేరుగా తెలుపు పూస్తే సున్నం కొట్టినట్టుంటుంది. ముందు బూడిద కలిసిన గోధుమ, మీద నీళ్లలా పలచగా కలిపిన రంగు వాష్, మడతల అంచుల మీదే తెలుపు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత సేపు ఒక ముఖం మీద పనిచేశాక ఆ బొమ్మని తేలిగ్గా తీసి పక్కన పడెయ్యలేం. బొబ్బిలిని అగౌరవపరుస్తారన్న భయం ఈ బొమ్మలు చేసినవాళ్ల విషయంలో అక్కర్లేదు. కానీ పండగ రోజు టేబుల్ దగ్గరికి వచ్చి పాచిక వేసే కొత్తవాళ్లకి ఆ బంధం ఉండదు. వేగావతిగారి మాటలో నాకు బలం కనిపించింది అక్కడే.

ఇంకో సంగతి. మ్యాట్ వార్నిష్ స్ప్రే ఎవరూ కొట్టకండి. మన ఊరి గాలిలో తేమకి అది తెల్లటి పొరలా గడ్డకట్టి నెలల పని పాడుచేస్తుంది. కుంచెతో పూసే వార్నిషే వాడండి, అదీ ఎండ బాగా కాసిన రోజునే.

మద్దిలపాలెం మాస్టారు

అమ్మా వేగావతీ, నీ బాధ నాకు అర్థమైంది. అయితే ఒక్కటి ఆలోచించు. షేక్ నాజర్ లాంటి మహా కళాకారులు బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా ఊరూరా చెప్పారు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఒకడుంటాడు. యుద్ధం మధ్యలో జనం నవ్వుతారు, మరుక్షణం ఏడుస్తారు. దాన్ని ఎవరూ అపచారం అనలేదు. మన కోస్తా ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టి రాజుల్నీ దేవుళ్లనీ వరసగా కూర్చోబెడతాం. బొమ్మలతో కథ చెప్పడం మనకి పరాయిది కాదు.

నన్నడిగితే చిక్కు పాయింట్లలో ఉంది. ఈ ఆటలకి మూలం వెతికితే ప్రష్యా సైన్యం కనిపిస్తుంది. 1824లో రైస్విట్జ్ అనే యువ అధికారి రూపొందించిన క్రీగ్‌స్పీల్‌లో ఆడేవాళ్లు ఆజ్ఞలు రాసి అంపైర్‌కి ఇస్తారు. తమ సేనాని కంటికి ఆనేదే వాళ్లకి తెలుస్తుంది, మిగతాది అంపైర్ దగ్గరే ఉంటుంది. అక్కడ కేకలకి చోటు తక్కువ, ఆలోచనకి ఎక్కువ. బొబ్బిలిని అలా ఆడండి. ఇంకా చెప్పాలంటే, ముట్టడికి ముందు రోజుల్ని ఆడండి. బొబ్బిలి వదిలితే వేరేచోట భూములిస్తానని బుస్సీ కబురు పెట్టాడు. ఈలోగా బొబ్బిలి అడవిలో ఆయన సిపాయిల మీద దాడి జరిగింది. అది విజయరామరాజు చేయించి రంగారావు మీదకి తోశాడని ఓర్మ్ రాతల్లో ఉంది. ఆ నాలుగు రోజుల్లో ఎవరు ఎవరి మాట నమ్మారన్న దానిలోనే బొబ్బిలి భవితవ్యం ఉంది. ముగ్గురు మనుషులు, మూడు గదులు, మధ్యలో చీటీలు మోసే అంపైర్ ఒకడు. బొమ్మలు కూడా అక్కర్లేదు.

తెరచాప

ఓడలు మర్చిపోకండి. 1804 సెప్టెంబరు 15న మన రేవులోనే యుద్ధం జరిగింది. ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మూడు ఓడలతో వస్తే ఇంగ్లీషువాళ్ల సెంచూరియన్ ఒక్కటే ఎదురు నిలిచింది, తీరం మీది ఫిరంగులు తోడుగా. కురుసుర జలాంతర్గామి చూడటానికి బీచ్ రోడ్డుకి వచ్చే జనానికి చూపించడానికి ఇంతకంటే తగినదేముంది? చిన్న స్కేలు ఓడలు, నీలం బట్ట చాలు. ఎవరి మనసూ నొప్పించదు.

వేగావతి

మాస్టారూ, బుర్రకథలో ముగింపు మారదు. వినేవాడికి తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అందుకే నవ్వినా తప్పు లేదు, చివరికి అందరూ ఆ చావుల దగ్గరికే వచ్చి తలవంచుతారు. ఆటలో ముగింపు ఎవరి చేతిలో పాచిక ఉంటే వాళ్లది. రెండూ ఒకటని నేను ఒప్పుకోలేను.

నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. అంతఃపురాన్ని టేబుల్ మీద పెడితే అది ఆటలో భాగమైపోతుంది. తీసేస్తే దాచినట్టవుతుంది. కోటలో ఆడవాళ్లే లేరన్నట్టు బొబ్బిలిని చూపించడం నాకు మరీ అన్యాయంగా కనిపిస్తోంది. మీరు ఏ దారి పట్టినా నాకు సమ్మతం కాదు.

బురుజు28

జవాబు చెబుతాను. టేబుల్ మీద పెట్టను, పాయింట్లు ఉండవు. దాచను కూడా. మాస్టారు చెప్పిన చర్చల ఘట్టంతోనే ఆట మొదలవుతుంది. రంగారావుగా ఆడేవాడికి అంపైర్ ఇచ్చే మొదటి చీటీలోనే కోటలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారని ఉంటుంది. వాళ్లని ముందే బయటికి పంపాలా, భూముల మార్పిడికి ఒప్పుకోవాలా, రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు పంపాలా అన్నది అతనే తేల్చుకోవాలి. ముట్టడి దాకా వస్తే, ఫ్రెంచి దళం గండి దాటి లోపల నిలదొక్కుకున్న టర్న్‌తో ఆట ఆగిపోతుంది. ఆ తర్వాత పాచిక లేదు. జరిగింది మాస్టారు చదువుతారు, అందరూ కూర్చుని వింటారు.

వేగావతి

అంటే పిల్లల్ని పంపలేదన్న నింద రంగారావు మీదకి వస్తుంది. చుట్టూ శత్రువు, మధ్యలో పరువు, నమ్మదగిన మనిషి ఒక్కడూ లేని ఆ పరిస్థితి ఒక చీటీలో పడుతుందా?

మద్దిలపాలెం మాస్టారు

పడదమ్మా. అందుకే అంపైర్‌గా బొబ్బిలి మనిషి ఉండాలంటాను. ఆ చీటీలు నువ్వు రాయి.

వేగావతి

చీటీలు రాస్తాను. బుస్సీ ఏం విన్నాడో, ఎవరి నోటి ద్వారా విన్నాడో తేటగా రాస్తాను. ముట్టడి మొదలయ్యే వేళకి మాత్రం లేచి వెళ్లిపోతాను, దానికి నన్ను ఆపొద్దు. పండగకి జనం ముందు పెడితే చీటీలు కూడా రాయను.

బురుజు28

ఒప్పుకుంటున్నాను. జనం ముందు చందుర్తి, గది తలుపులు మూసుకుని బొబ్బిలి. బొబ్బిలి ఆడకూడదన్న మీ మాటతో నేను ఇప్పటికీ ఏకీభవించను, కోట పూర్తిచేస్తాను. మీరు రాసే చీటీల్లో ఒక్క అక్షరం మార్చను.

ఎర్రకోటుగారూ, చేను మీ బాధ్యత. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ దొరికితే సన్న పట్టీలుగా కోసి, పచ్చరంగు పట్టించి బేసుల మీద అంటించండి. మొత్తం పటాలం కనబడకుండా నిలిచేంత ఎత్తు ఉండాలి. ఎరుపు సీసా మాత్రం అందరం ఒకే షాపులో, ఒకే నంబరుది కొనాలి. సన్నకుంచెగారు నంబరు చెబితే ఈ వారంలోనే తెప్పిస్తాను.