18 డిసిమిళ్ల జాగా, సగం వాలు: గడ్డి కోసే మెషీను ఏది తీసుకోమంటారు?

గునుపూర్ పెరడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గునుపూర్, ఊరి చివర, వంశధార వైపు. నాన్నగారు కొన్న జాగా 18 డిసిమిళ్లు. ఆంధ్రాలో ఉన్నవాళ్లు 18 సెంట్లు అనుకోండి, పేరే వేరు, రెండూ ఎకరంలో నూరో వంతే. ఇల్లు, బావి, బండి పెట్టుకునే చోటు పోను 12 మిగిలింది. ముందు 3 డిసిమిళ్లలో గరిక వేశాం, చదునుగానే ఉంటుంది. వెనక 9 డిసిమిళ్లు మాత్రం గెడ్డ (వాగు) వైపు వాలు. 6 కొబ్బరి చెట్లు, 2 మామిడి, ఒక పనస. వాటి మధ్య ఏ గడ్డి మొలుస్తుందో దేవుడికే తెలియాలి.

ఇన్నాళ్లూ పక్క వీధి వాళ్లు ఇద్దరు కొడవళ్లతో వచ్చి కోసుకుని, గడ్డి వాళ్ల ఆవులకి పట్టుకెళ్లేవారు. మాకు పెరడు శుభ్రం, వాళ్లకి మేత. డబ్బు మాటే ఉండేది కాదు. ఇప్పుడు వాళ్ల కుర్రాళ్లు సూరత్ మిల్లులకి వెళ్లిపోయారు, ఆవుల్ని అమ్మేశారు. కిందటి శ్రావణంలో గడ్డి మోకాలి దాకా వచ్చేసింది. సందేళ తులసికోటలో దీపం పెట్టడానికి వెళ్లిన మా అమ్మ కాళ్ల ముందు నుంచి రక్తపింజర పాకిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇదే గొడవ.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది, కూర్చుని నడిపే మెషీను వీడియో పంపి "ఇది తీసుకో బావా" అంటాడు. అది మా పెరట్లోకి వస్తే తిప్పడానికి పక్కింటి గోడ కొట్టాలి.

25 వేల దాకా పెట్టగలను. నాకు 62, నడుం అంతంత మాత్రం. సాయంత్రం అయ్యేసరికి మా వీధిలో బల్బులు మసకబారిపోతాయి. పెట్రోలుదా, కరెంటుదా, ఏటి కొనమంటారు?

బరంపురం మేడ:

బ్యాటరీది తీసుకోండి అంకుల్. పొగ లేదు, చప్పుడు లేదు, తీగ తొక్కే భయం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో అదే వాడుతున్నారు.

కిమిడి మాస్టారు:

బాబూ, మీ అపార్ట్‌మెంట్ లాను ఎంత ఉంటుంది? 40 వోల్టులు, 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 160 వాట్-అవర్లు. మోటారు 500 వాట్లు లాగితే 20 నిమిషాలు నిండా రాదు. వానాకాలం తడి గడ్డికి ఇంకా తగ్గుతుంది. రెండో బ్యాటరీ కొనాలంటే ఆయన 25 వేలు ఎటు వెళ్తాయో చూసుకోండి. చిన్న లానుకి మంచిదే, నేను కాదనను.

గునుపూర్ వారూ, నేను గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి రాస్తున్నాను, కాబట్టి గ్రాంథికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్తాను. పర్లాకిమిడిలో ఒక హాస్టలు ఆవరణ 11 ఏళ్లుగా నా అజమాయిషీలో ఉంది. ఇన్నేళ్లలో 4 మెషీన్లు చూశాను, అందులో రెండింటిని నా చేతులారా పాడుచేశాను.

మీకు ఉన్నవి రెండు పెరళ్లు. ముందున్నది లాను, వెనకున్నది బీడు. రెండింటికీ కలిపి ఒక మెషీను వెతికితే రెండు చోట్లా చెడుతుంది. నేను చేసిన మొదటి తప్పు అదే. చక్రాల మీద తోసే పెట్రోలు మోవరు కొని, లాను బాగా వస్తోంది కదా అని చెట్ల కిందకి తోశాను. రెండో వారమే గడ్డిలో కనపడని జామ మోడుకి కొట్టుకుంది. నేల మీదకి రెండంగుళాలు ఉందేమో ఆ మోడు. ఠంగున ఆగిపోయింది. బ్లేడు వంగితే మార్చుకోవచ్చు, దానితో ఇంజను షాఫ్టు కూడా వంగింది. మళ్లీ స్టార్టు చేస్తే హ్యాండిలు పట్టుకున్న చేతులు భుజాల దాకా గడగడలాడిపోయాయి. బాగు చేయించే ఖర్చుకి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుందన్నారు.

ఈ మెషీన్లలో రెండు జాతులు ఉన్నాయి. సిలిండరుది కత్తెర, రోటరీది కొడవలి విసురు. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, మిల్లులో ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి మొదటి మోవరు తయారుచేశాడు. సిలిండరు మోవరు ఇప్పటికీ గడ్డిని బట్టలాగే చూస్తుంది. నేల చదునుగా ఉండాలి, గడ్డి పొట్టిగా ఉండాలి, మధ్యలో ఈనుపుల్ల ఉన్నా పట్టేస్తుంది. కానీ కోత చూస్తే ముచ్చటేస్తుంది. రోటరీ అలా కాదు, వేగం మీద కొట్టేస్తుంది, ఎగుడుదిగుడైనా పొడుగైనా సర్దుకుంటుంది. దాని పదును పోయిందో లేదో తెలియాలంటే మర్నాడు పొద్దున్న ఒంగి చూడండి. గడ్డి కొసలు తెల్లగా, పీచు పీచుగా, దంతాలతో కొరికినట్టుంటే అది కోత కాదు, చింపడం. రెండ్రోజుల్లో లాను మొత్తం గోధుమరంగు తిరుగుతుంది. నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని మనం పైపు పట్టుకుంటాం.

మీ ముందు లాను లెక్క కట్టాను. 3 డిసిమిళ్లంటే దగ్గర దగ్గర 1300 చదరపు అడుగులు. 14 అంగుళాల మోవరుకి, వరస మీద వరస రెండంగుళాలు ఎక్కించుకుంటే, ఒక్కో వరసకి అడుగు వెడల్పు కలిసొస్తుంది. అంటే 1300 అడుగుల నడక, 400 మీటర్లు. పాల ప్యాకెట్టుకి వెళ్లొచ్చినంత. దానికి పెట్రోలు ఇంజను దండగ. చేత్తో తోసే సిలిండరుది చాలు, కానీ ఒక షరతు. జూన్ నుంచి అక్టోబరు దాకా వారం తప్పకుండా తొయ్యాలి. పది పన్నెండు రోజులు ఎగ్గొట్టారో, గరిక పక్కకి పడుకుంటుంది, సిలిండరు దాని మీంచి దొర్లుకుంటూ పోతుంది. ఎగ్గొట్టే మనిషి అయితే కరెంటు రోటరీ తీసుకోండి. మీ గురించి మీకే తెలియాలి, నాకు చెప్పక్కర్లేదు.

కరెంటుదైతే బల్బు మసకబారే వేళ ముట్టుకోవద్దు. వోల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కి వైండింగు కాలుతుంది. పొద్దున్న మంచు ఆరాక, ఎనిమిదీ తొమ్మిదింటికి కొయ్యండి. తీగ భుజం మీంచి వెనక్కి వేసుకుని, ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి దూరంగా జరుగుతూ పోవాలి. మా కుర్రాడు ఎదురు నుంచి మొదలుపెట్టి తీగనే కోసేశాడు. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండబట్టి టప్పున పడిపోయింది, వాడు నిలబడ్డాడు. మీ లైనుకి అది లేకపోతే మెషీను కంటే ముందు అది పెట్టించండి.

ఇక వెనక 9 డిసిమిళ్లు. మీరు నవ్వుతారేమో, అక్కడ మొత్తం కొయ్యకండి. పాము వచ్చింది ఎలకల కోసం. తులసికోట దాకా దారి, బావి చుట్టూ, గుమ్మం వెంట ఆరడుగుల వెడల్పున పొట్టిగా ఉంచండి, అమ్మగారి చేతికి టార్చి ఇవ్వండి. మిగతాది వానలు పడ్డాక ఒకసారి, వినాయక చవితి ముందు ఒకసారి, దీపావళి అయ్యాక ఒకసారి కొట్టిస్తే చాలు. దానికి బ్రష్ కట్టర్ కావాలి, అంటే ఒంటికి తగిలించుకుని, పొడుగు గొట్టం చివర తిరిగే బ్లేడుతోనో నైలాన్ దారంతోనో గడ్డి కొట్టేది. వాలు మీద చక్రాల బండి తోస్తే కాలు జారి పాదం బ్లేడు కిందకి పోతుంది. 62 ఏళ్ల నడుంతో 7, 8 కిలోలు మెడకి తగిలించుకోవడం నేను ఒప్పుకోను. ఏడాదికి మూడు కోతలేగా, సొంత మెషీను ఉన్నవాణ్ణి పిలవండి.

రాయగడ మెకానిక్:

మాస్టారు బాగా చెప్పారు. నేను బాగుచేసేవాడిని కాబట్టి చెడిపోయిన వైపు నుంచి చెప్తాను. టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్లు నా దగ్గరికి ఎక్కువగా ఒకే జబ్బుతో వస్తాయి: ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోసేశారు, పిస్టను పట్టేసింది. పెట్రోలు 50కి ఆయిల్ 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. 40కి 1 అయితే 25. మెషీను పుస్తకంలో ఏది ఉంటే అది. కలిపిన డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి, పనివాడు బండిలో పోసే డబ్బా తెచ్చి ఇందులో పోస్తాడు. ఫోర్ స్ట్రోక్‌లో ఈ కలిపే గోల లేదు, కానీ దాని ఆయిల్ దానికి విడిగా చూసుకోవాలి.

ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తడి పీలుస్తుంది. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, దానంతటదే ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. అలాగే ఒగ్గేస్తే మళ్లీ జూన్‌లో కార్బొరేటర్ నిండా జిగట, అప్పుడు నా దగ్గరికే వస్తారు.

బ్లేడు ముట్టుకునే ముందు పెట్రోలుదైతే స్పార్క్ ప్లగ్గు టోపీ పీకాలి, కరెంటుదైతే గోడ దగ్గర తీగ పీకాలి. స్విచ్చి ఆపాం కదా అంటే కుదరదు. ఆకురాయితో రెండు వైపులా ఒకేలా పట్టి, మధ్య కన్నంలోంచి మేకుకి తగిలించి చూడండి. ఏ పక్క కిందకి దిగితే ఆ పక్క ఇంకొంచెం అరగదీయండి. ఇది చెయ్యకుండా బిగిస్తే మెషీను అదురుతుంది, బోల్టులు లూజవుతాయి.

కొట్లో హెచ్‌పీ ఎంత అని అడుగుతారు అందరూ. ఈ మోడలు బ్లేడు, స్టార్టరు తాడు, ఎయిర్ ఫిల్టరు ఇప్పుడు మీ అరలో ఉన్నాయా, తీసి చూపించండి అని అడగండి. చూపించలేకపోతే ఇంకో కొట్టుకి వెళ్లిపోండి.

జయపురం నర్సరీ:

అన్నయ్యగారూ, ఒక్క మాట. ఆ బ్రష్ కట్టర్ కుర్రాడు వచ్చినప్పుడు చెట్ల దగ్గర మీరే నిలబడండి. నైలాన్ దారం కొబ్బరినీ పెద్ద మామిడినీ ఏమీ చెయ్యదు, కానీ లేత మొక్క మొదలు చుట్టూ తగిలితే బెరడు ఉంగరంలా ఊడిపోతుంది. మేం మూడేళ్లు పెంచిన సపోటా అలాగే పోయింది. ఆకులు పదిహేను రోజుల దాకా పచ్చగానే ఉన్నాయి, మాకు తెలియనే లేదు. మొక్క చుట్టూ మూరెడు మేర గడ్డి చేత్తో పీకి, కొబ్బరి పీచు పరిచేస్తే అసలు అక్కడికి మెషీను వెళ్లే పనే ఉండదు.

గరికని ఒక్కసారి మూడో వంతుకి మించి కొయ్యకండి. ముందు ఎత్తు అంగుళన్నరకి పెట్టుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో ఇంకో అర అంగుళం పెంచండి. అన్నట్టు, గరికలో తుంగ ఉంటే కోసి లాభం లేదు, గడ్డ అడుగునే ఉంటుంది. తడి మీద పీకాలి.

గునుపూర్ పెరడు:

అందరికీ దండాలు. మాస్టారి మాట విన్నాక టేపూ కర్రా పట్టుకుని పెరడంతా తిరిగాను. కర్రతో పొడుచుకుంటూ వెళ్తే మూడు మోళ్లు, బావి కట్టినప్పటి ఇటుక ముక్కలు ఒక బుట్టెడు, పాత బోరు ఇనప గొట్టం ఒకటి దొరికాయి. దారి పక్కన, తులసికోటకి నాలుగడుగుల్లో మట్టిలో సగం కూరుకుపోయి మా అవ్వ రోలు. నలభై ఏళ్లుగా ఎక్కడ పోయిందో అనుకున్నాం. మా అమ్మ దాన్ని కడిగించి, అక్కడే ఉంచమంది, కదపొద్దంది.

నా సంగతి నాకు తెలుసు మాస్టారూ, నేను ఎగ్గొట్టే మనిషినే. పెళ్లిళ్లనీ, విశాఖ మనవడనీ నెలకో పది రోజులు ఊళ్లో ఉండను. అందుకే 14 అంగుళాల కరెంటు రోటరీకి మనసు పడింది. ఆర్‌సీసీబీకి ఎలక్ట్రీషియన్ని రమ్మన్నాను. వెనక జాగాకి గునుపూర్ బజారులోనే బ్రష్ కట్టర్ ఉన్నవాడు దొరికాడు, మోళ్లు తీయించాక వస్తానన్నాడు. ఇక ఒక్కటే చిక్కు, ఆ రోలు చుట్టూ గడ్డి ఎలగ కొయ్యడం? రోటరీ దగ్గరికి వెళ్తే బ్లేడు పోద్ది, ఒగ్గేస్తే మళ్లీ రోలు కనపడదు.

కిమిడి మాస్టారు:

బుట్టెడు ఇటుక ముక్కలు దొరికాయన్నారుగా. రోలు చుట్టూ జానెడు వెడల్పున గడ్డి పీకేసి, వాటినే నేలకి సమంగా పాతెయ్యండి. మోవరు చక్రం ఇటుకల మీంచి పోతుంది, బ్లేడు రోలు దాకా రాదు. మీ ఇటుకలు నేల కంటే పైకి ఉన్నాయేమో ముందు బల్ల చెక్క పెట్టి చూసుకోండి.