పిల్లల్ని పట్టించుకోవడం టీచరు మనసుకు వదిలేయాలా, నియమంగా రాసిపెట్టాలా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మా అబ్బాయి బడిలో తల్లిదండ్రుల కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఆరు నుంచి పదో తరగతి దాకా ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్ టీచర్ ఉండాలట. ఒక్కో టీచరుకు ఇరవై మంది. వారానికోసారి ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడి, ఏం మాట్లాడారో ఫారం నింపి ఆఫీసులో ఇవ్వాలి. వచ్చే వారం మా అభిప్రాయం చెప్పాలి.

చదవగానే సంతోషం వేసింది, తర్వాత అనుమానం వచ్చింది. మా పెద్దమ్మాయి బడి మానేస్తానని భీష్మించుకుని కూర్చున్న ఏడాది, దాన్ని మళ్ళీ పుస్తకం పట్టేలా చేసింది వాళ్ళ సైన్సు టీచరు. రోజూ క్లాసు అయ్యాక ప్రయోగాల గది సర్దడానికి తోడు రమ్మనేవారు. బీకర్లు కడుగుతూ ఏవో కబుర్లు, అంతే. ఆవిడకు ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు. అలాంటిది ఫారం ఇచ్చి చేయిస్తే వస్తుందా? మీరేమంటారు?

సుద్దముక్క:
అమ్మా, నేను లెక్కల టీచర్ని. ఇరవై మందికి పది నిమిషాలంటే వారానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆ ప్రతిపాదనలో ఈ సమయం ఎక్కణ్ణుంచి వస్తుందో రాశారా? రాయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. శనివారం సాయంత్రం కూర్చుని ఇరవై ఫారాల్లో "బాగున్నాడు", "బాగుంది" అని నింపేస్తాం.

ఒక సంగతి చెప్తాను. ఏడో తరగతిలో ఒకమ్మాయి, ఎప్పుడూ సగం మార్కులే. ఒకరోజు వాళ్ళ నోటుపుస్తకం తీరిగ్గా చూస్తున్నాను. రబ్బరుతో రుద్దిరుద్ది ఒకచోట కాగితం పలచబడిపోయింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చెరిపేసిన అంకెల ఒత్తుడు కనబడింది. చెరిపింది 36, దాని మీద రాసింది 42. సరైన జవాబు 36. వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. తొమ్మిది చోట్ల చెరిపితే ఆరుచోట్ల ముందు రాసిందే కరెక్టు. ఆ పిల్లకు లెక్కలొచ్చు, తనకు వచ్చని నమ్మకమే లేదు. మర్నాటి నుంచి రబ్బరు వద్దన్నాను. తప్పనిపిస్తే ఒక గీత కొట్టి పక్కన రాయి, రెండూ నాకు కనబడాలి అన్నాను.

నాకున్న ఐదు సెక్షన్లలో రెండు వందల నోటుపుస్తకాలు. మరి ఆ రోజే ఎలా కనబడింది? వేరే క్లాసు పిల్లలు ఆటల పోటీలకు వెళ్ళడంతో రెండు పీరియడ్లు ఖాళీ దొరికాయి. అందుకే నేను నియమానికి వ్యతిరేకం కాదు, ఫారానికి వ్యతిరేకం. మాకు సమయం ఇచ్చే నియమం రాయండి.

వెనక వరుస:
నేను టీచర్ని కాదు. బడిలో ఎవరికీ గుర్తులేని పిల్లాణ్ణి. అల్లరి చేయలేదు, ఫస్టు రాలేదు, ఫెయిలూ కాలేదు. తొమ్మిదో తరగతిలో ఇంట్లో పరిస్థితి చాలా ఘోరంగా ఉండేది. ఆ ఏడాదంతా హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనడం తప్ప నా నోటి నుంచి మాట వచ్చిన గుర్తు లేదు.

మా బడిలో మంచి టీచర్లు లేరని అనను. వాళ్ళ మంచితనం దగ్గరికి వచ్చిన పిల్లలకు దొరికేది. నాలాంటివాళ్ళం దగ్గరికి వెళ్ళం. మనసుకు వదిలేస్తే జరిగేది ఇదే. చురుకైనవాడికి మెప్పు, అల్లరివాడికి మందలింపు, మధ్యలో ఉన్నవాడికి ఏమీ లేదు.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటివి కలగలిసి పెరిగిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు నిలదొక్కుకున్నారు. అలాంటివాళ్ళ జీవితాల్లో తరచూ కనబడింది, ఇంటి బయట తమను పట్టించుకున్న ఒక పెద్దమనిషి. చాలామందికి అది టీచరే. ఆ ఒక్క మనిషి దొరకడం పిల్లవాడి అదృష్టం మీద ఎందుకు ఆధారపడాలి? నా ఓటు నియమానికే.

ఒక తండ్రి:
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండోది నేను చెప్తాను. మావాడికి రెండేళ్ళు చాలా మంచి క్లాస్ టీచర్ దొరికారు. హోంవర్కు చేయకపోతే "ఫర్లేదు నాన్నా, రేపు తీసుకురా". పరీక్షలో తప్పితే "మనసు కష్టపెట్టుకోకు". మావాడికి ఆవిడంటే ప్రాణం. మూడో ఏడు పైక్లాసుకి వెళ్ళాక భిన్నాలు కూడటం రాదని తేలింది. క్లాసులో అందరి ముందూ వాడు పడిన అవమానం నేను మర్చిపోలేను. ఆ రెండేళ్ళ ప్రేమకు మూల్యం వాడే చెల్లించాడు.

పిల్లల క్షేమం పేరుతో నియమాలు రాస్తే బడి చదువు చెప్పడం మానేస్తుందని నా భయం. టైముకి రావాలి, పని పూర్తి చేయాలి, తప్పు చేస్తే ఫలితం అనుభవించాలి. అది కూడా ప్రేమే.

సుద్దముక్క:
మీ బాధ న్యాయమైనది సార్. కానీ మీవాడికి జరిగింది ప్రేమ ఎక్కువై కాదు. వాడు చేయగలడని ఆవిడ అనుకోలేదు, అందుకే అడగలేదు. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

జుడిత్ క్లైన్‌ఫెల్డ్ అనే పరిశోధకురాలు అలాస్కాలో అక్కడి మూలవాసుల పిల్లలకు చెప్పే టీచర్లను గమనించి 1975లో రాసింది. ఆ పిల్లలతో బాగా నెగ్గుకొచ్చినవాళ్ళు, ముందు ఆత్మీయంగా దగ్గరై, ఆ చనువుతోనే గట్టిగా పని చేయించినవాళ్ళు. దగ్గరితనం లేని గట్టితనం పనిచేయలేదు, అడగడం చేతకాని మెత్తదనమూ పనిచేయలేదు.

ఇంకొకటి, 2014లో వచ్చిన ప్రయోగం, చిన్నదే. అమెరికాలో ఏడో తరగతి పిల్లల వ్యాసాలు దిద్ది, కొందరి కాగితాల మీద "నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు కాబట్టే ఇవన్నీ రాశాను" అనే అర్థం వచ్చే చీటీ అంటించారు. మిగతావాళ్ళకు మామూలు చీటీ. నల్లజాతి పిల్లల్లో వ్యాసం తిరగరాసి ఇచ్చినవాళ్ళు మామూలు చీటీతో 17 శాతం, ఆ చీటీతో 72 శాతం. దిద్దడంలో మెతకదనం ఏమీ చూపలేదు, ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి.

గంట కొట్టినమ్మ:
ప్రధానోపాధ్యాయినిగా చేసి రిటైరయ్యాను. నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. ప్రార్థన మొదలవగానే గేటు మూయించేదాన్ని. ఆలస్యమైతే ఇంటికే. ఆరు నెలలయ్యాక రిజిస్టరు ముందేసుకుని చూస్తే, గేటు దగ్గర్నుంచి వెనక్కి వెళ్ళినవాళ్ళు మళ్ళీమళ్ళీ అదే పదకొండు మంది. అసలే చదువులో వెనకబడ్డవాళ్ళని నేనే బయట నిలబెట్టాను. తర్వాత మార్చాం. ఎప్పుడొచ్చినా నేరుగా క్లాసులోకి, కారణం అడగడం విరామంలో, ఒంటరిగా. మీరు భయపడినట్టు అందరూ ఆలస్యంగా రావడం మొదలుపెట్టలేదు సార్. మొదటి రెండు వారాలు కొందరు పరీక్షించి చూశారు, తర్వాత సర్దుకుంది.

ఇక మెంటర్ సంగతి. ఫారం కంటే తేలికైనది ఒకటుంది, హార్వర్డ్ విద్యా విభాగంవాళ్ళు చెప్పే పద్ధతి. స్టాఫ్ రూములో పిల్లలందరి పేర్లూ రాసిన కాగితాలు అతికిస్తాం. ఏ పిల్లవాడితో మనకు నిజంగా చనువుందో ఆ పేరు పక్కన ప్రతి టీచరూ ఒక చుక్క పెట్టాలి. మా దగ్గర చేసిన రోజు కొన్ని పేర్ల పక్కన ఎనిమిది తొమ్మిది చుక్కలు పడ్డాయి. చుక్క లేని పేర్లు ముప్ఫై నాలుగు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా హిందీ టీచరు లేచి వెళ్ళి, ఒక పేరు మీద వేలు పెట్టి, "ఈ పిల్లాడు నా క్లాసులో మూడేళ్ళుగా ఉన్నాడు" అన్నారు.

వెనక వరుస గారూ, మీ పేరు పక్కనా చుక్క ఉండేది కాదేమో.

మాటల గది:
బడిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఫారం గురించి ఎవరూ అనని మాట ఒకటుంది. పిల్లవాడు నమ్మి చెప్పిన మాట ఆఫీసు ఫైల్లోకి వెళ్తే, అది ఎప్పుడో ఎవరి నోటో బయటికొస్తుంది. ఆ తర్వాత వాడు మరి ఎవరికీ ఏమీ చెప్పడు. ప్రాణానికో భద్రతకో ప్రమాదమైతే ఎవరికి చెప్పాలో స్పష్టంగా రాయండి, ఆ సంగతి పిల్లవాడికీ ముందే చెప్పండి. మిగతాదేదీ కాగితం మీద పెట్టకండి.

పట్టించుకోవడం పుట్టుకతో రావాలనే మాట మాత్రం ఒప్పుకోను. కాలిఫోర్నియాలో ఐదు బడుల్లో 31 మంది లెక్కల టీచర్లతో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. కొందరికి, పిల్లలు ఎందుకు అలా ప్రవర్తిస్తారో వాళ్ళ వైపు నుంచి ఆలోచింపజేసే చిన్న ఆన్‌లైన్ పాఠం ఇచ్చారు, మొత్తం కలిపి గంటకు కాస్త ఎక్కువ. ఆ టీచర్ల దగ్గర చదివే పిల్లల్లో ఏడాదిలో సస్పెండయినవాళ్ళు 4.8 శాతం, మిగతా టీచర్ల దగ్గర చదివేవాళ్ళలో 9.6 శాతం. టీచర్లు అంతకుముందు చెడ్డవాళ్ళేం కాదు, ఆ వైపు నుంచి చూడమని ఎవరూ అడగలేదు.

ఒక తండ్రి:
చుక్కల సంగతి చదివాక కాస్త ఆలోచనలో పడ్డాను. మావాడికి ఆ టీచరు దగ్గర చుక్క ఉండేది, కానీ పని చేయించలేదు. కాబట్టి నాదొక షరతు. మెంటర్ దగ్గర పిల్లవాడి చదువు వివరాలు కూడా ఉండాలి. "ఎలా ఉన్నావ్" అని అడిగిన నోటితోనే "భిన్నాలు ఎక్కడిదాకా వచ్చాయి" అని కూడా అడగాలి.

ఇద్దరు పిల్లల అమ్మ:
అందరికీ దండాలు. కమిటీకి ఇలా రాస్తున్నాను. మెంటర్ నియమం కావాలి. ఫారం తీసేయాలి, దాని బదులు ఏడాదికి రెండుసార్లు చుక్కల కాగితం. చుక్క లేని పిల్లలకు ముందు మెంటర్లని చూడాలి. చదువు వివరాలు మెంటరుకు అందాలి. పిల్లలు చెప్పిన మాటలు ఫైల్లోకి వెళ్ళకూడదు. వారానికి నాలుగు పీరియడ్లు మెంటర్ పని కోసం టీచర్ల టైంటేబుల్లో ఖాళీగా ఉంచాలి.

సుద్దముక్క గారూ, ఏమైనా వదిలేశానా?

సుద్దముక్క:
ఒకటే. పిల్లలతో మాట్లాడటానికి ఏ పీరియడ్ నుంచి పిలుస్తారో కూడా ఇప్పుడే రాయించండమ్మా. రాయకపోతే అది ఆటల పీరియడ్ మీద పడుతుంది.