సయాటికాకు ఆక్యుపంక్చర్: మధ్యాహ్నం మూడింటికే సూదులు పెట్టించాలా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు అరవై ఏళ్లు దాటాయి. కొంతకాలంగా ఎడమ పిరుదు నుంచి తొడ వెనుకగా పిక్క దాకా, అక్కడి నుంచి చిటికెన కాలివేలి వరకు లాగుతూ నొప్పి వస్తోంది. ఎముకల డాక్టరు గారు సయాటికా అని చెప్పి మందులు, వ్యాయామాలు రాశారు. వాటికి తోడుగా విజయవాడలో ఆక్యుపంక్చర్ చేయించాలనుకుంటున్నాం. ఇది మూత్రాశయ మార్గంలో (ఒంట్లో శక్తి ప్రవహిస్తుందని ఆక్యుపంక్చర్ చెప్పే దారుల్లో ఒకటి) వచ్చే నొప్పి కాబట్టి ఆ మార్గంలో శక్తి నిండుగా ఉండే మధ్యాహ్నం మూడు, అయిదు గంటల మధ్యే రావాలని అక్కడి చికిత్సకులు అన్నారు. మా ఆయుర్వేద వైద్యులేమో రెండు నుంచి ఆరు వరకు వాతకాలమని, వాతనొప్పి ఉన్న మనిషిని ఆ వేళలో ఎండన పడి, బస్సు కుదుపుల్లో తీసుకెళ్లవద్దని అంటున్నారు. ఇద్దరి మీదా మాకు గౌరవం ఉంది. ఏ వేళ నిర్ణయించుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి. అమ్మ షుగరు మాత్రలు కూడా వాడుతోంది.

జవాబు 1 (ఆక్యుపంక్చర్ చికిత్సకురాలు, విజయవాడ)

మీకు చెప్పిన లెక్క కల్పితం కాదండీ. చైనా సంప్రదాయం రోజును రెండేసి గంటల చొప్పున పన్నెండు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కో మార్గానికి కేటాయించింది. తెల్లవారుజామున మూడింటికి ఊపిరితిత్తులతో మొదలై, అయిదింటికి పెద్దపేగు, ఏడింటికి జీర్ణాశయం, ఇలా సాగి, మధ్యాహ్నం మూడింటికి మూత్రాశయం, సాయంత్రం అయిదింటికి మూత్రపిండాల వంతు వస్తుంది. మూత్రాశయ మార్గం వీపు మీదుగా దిగి, తొడ వెనుకగా చిటికెన కాలివేలి దాకా వెళుతుంది. మీ అమ్మగారి నొప్పి దారి కూడా దాదాపు అదే. వేళను బట్టి బిందువులను, అంటే మార్గం మీద సూది పెట్టే చోట్లను, ఎంచుకునే ఈ పద్ధతిని 'జి వు లియు జు' అంటారు. పన్నెండో శతాబ్దానికే చైనాలో దీని మీద ప్రత్యేక గ్రంథం ఉంది.

అయితే ఆ పద్ధతి ప్రకారం చూసినా అందరికీ మూడు గంటలే సరైన వేళ కాదు. నొప్పి తీవ్రంగా, కాలు పట్టేసినట్లు ఉంటే మార్గం నిండుగా ఉన్న వేళలోనే, అధికమైన శక్తిని తగ్గించే బిందువును తీసుకుంటారు. అది పాదం బయటి అంచున, చిటికెన వేలి మొదలుకు కాస్త వెనుక ఉండే, మూత్రాశయ మార్గంలోని 65వ బిందువు. కాలు నీరసించి, బలహీనంగా ఉంటే ఆ వేళ గడిచాక, అంటే అయిదు దాటిన తర్వాత, చిటికెన వేలి గోటి బయటి మూలన ఉండే 67వ బిందువుతో బలం చేకూరుస్తారు. కాబట్టి మీ అమ్మగారిది ఏ స్థితి అని చికిత్సకులను అడగండి.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. బాగా ఆకలితో ఉన్నవారికి, అప్పుడే కడుపునిండా తిన్నవారికి, అలసిపోయి వచ్చినవారికి వెంటనే సూది పెట్టవద్దని చైనా ప్రాచీన వైద్యగ్రంథం 'హువాంగ్ దీ నెయ్ జింగ్' హెచ్చరించింది. మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి బస్సులో వచ్చి బల్ల మీద పడుకున్న పెద్దావిడకు కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ. నేనైతే ఆ హెచ్చరికనే ముందు పాటిస్తాను, గడియారాన్ని ఆ తర్వాతే చూస్తాను.

జవాబు 2 (ఆయుర్వేద వైద్యుడు, విజయవాడ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల పూర్వ విద్యార్థి)

వయసు, పగలు, రాత్రి, భోజనం అనే నాలుగింటిలోనూ చివర వాతం, నడుమ పిత్తం, మొదట కఫం ప్రబలంగా ఉంటాయని ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు తన గ్రంథం అష్టాంగ హృదయం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. రెండు నుంచి ఆరు అనే గంటల లెక్క ఆ శ్లోకంలో లేదు, పగటిని మూడు భాగాలు చేస్తే వచ్చిన ఇటీవలి సర్దుబాటు అది. విజయవాడలో జూన్‌లో సూర్యోదయం సుమారు అయిదున్నరకు, జనవరిలో సుమారు ఆరూ నలభైకి అవుతుంది. ఆ ప్రకారం పగటి మూడో భాగం రెండు కాలాల్లోనూ రెండు దాటిన కాసేపటికే మొదలవుతుంది కనుక మీ వైద్యులు చెప్పిన వేళ సరైనదే.

చరకుడు గృధ్రసిని, అంటే సయాటికాను, వాతవ్యాధుల్లో చేర్చాడు. వాతకాలంలో నొప్పి పెరగవచ్చని శాస్త్రం చెప్పింది గాని, ఆ వేళలో చికిత్సే చేయవద్దని చెప్పలేదు. మీ వైద్యుల అభ్యంతరం సూదుల మీద కాదు, ప్రయాణం మీద అని నేను అనుకుంటున్నాను. భోజనం అరిగిన చివరి దశ కూడా వాతానిదే కదా. మధ్యాహ్న భోజనం తొందరగా ముగించి, అది అరిగాక ఖాళీ కడుపుతో, ఎండలో, కుదుపుల్లో వస్తే వాతాన్ని పెంచేవన్నీ ఒక్కచోట చేరినట్లే.

జవాబు 3 (శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు)

శరీరానికి రోజువారీ లయ ఉన్న మాట నిజం. దాన్ని నడిపే జన్యు యంత్రాంగాన్ని వెలికితీసినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. కార్టిసాల్ అనే హార్మోను ఉదయం పెరుగుతుంది, శరీర ఉష్ణోగ్రత సాయంత్రానికి గరిష్ఠానికి చేరుతుంది. అయితే రెండేసి గంటలకు ఒక అవయవం చొప్పున శక్తి తిరుగుతుందనడానికి ఈ పరిశోధనలు ఆధారం కావు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

మీ అమ్మగారికి నిజంగా పనికివచ్చే లయ వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులది. రాత్రి పడుకున్నప్పుడు అవి నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి చాలా ఎక్కువగా పడుతుంది. ముగ్గు వేయడం, బిందె ఎత్తడం, వంగి బట్టలు ఉతకడం ఆ గంటలో మానిపించండి. ఆక్యుపంక్చర్ విషయానికొస్తే, దీర్ఘకాలిక నడుమునొప్పిపై 2020లో వెలువడిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, సూది పెట్టినట్లు నటించే నకిలీ చికిత్సతో పోల్చినప్పుడు చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. చేయించుకోవద్దని నా ఉద్దేశం కాదు, మందులూ వ్యాయామాలూ ఆపవద్దని మాత్రమే చెబుతున్నాను. మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల నడుమ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఏ వేళ అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం ఫలహారం, షుగరు మాత్ర అయ్యాక, ఎండ ముదరకముందే వెళ్లి, తొమ్మిదిన్నర ప్రాంతంలో వారానికి రెండుసార్లు ఒకే వేళకు చేయించాలని అనుకుంటున్నాం. చికిత్సకులు కూడా ఒప్పుకున్నారు. ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు 1 రాసినవారు

తొమ్మిదిన్నర మంచి వేళ. ఒక్క జాగ్రత్త తీసుకోండి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక, వేళ్ల కొసన సూది పెట్టే ముందు రెండు పాదాలనూ, వేళ్ల సందులతో సహా, చికిత్సకులను పరీక్షించమనండి. పుండు గాని పగులు గాని ఉంటే ఆ పాదంలో పెట్టించవద్దు. ప్రతిసారీ కొత్త సూది ప్యాకెట్‌ను మీ ఎదుటే తెరవమని అడగండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, గుండెకు పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టించవద్దు.