హైబ్రిడ్ పంట గింజలు మళ్లీ విత్తితే మొక్కలు రకరకాలుగా ఎందుకొస్తాయి?

మిర్చితోట: హైబ్రిడ్ మిర్చి కాయల గింజలతో నారు పోస్తే మొలక బాగానే వస్తుంది. తీరా పెరిగాక కొన్ని పొట్టి, కొన్ని పొడుగు, కాయ ఒక్కో మొక్కకు ఒక్కో తీరు. విత్తనం చెడిపోయిందని సరిపెట్టుకుంటారు చాలామంది. అసలు లోపల జరిగేదేమిటి? ఏ పంట గింజ దాచుకోవచ్చు, ఏది దాచకూడదు? లెక్కతో సహా చెప్పండి.

వంగడం_వివరం: చెడిపోవడం కాదండీ, విడిపోవడం. ప్రతి జన్యువూ మొక్కలో జంటగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పుప్పొడిలోకి గానీ అండంలోకి గానీ ఆ జంటలో ఒక్కటే వెళ్తుంది. ఏది వెళ్తుందన్నది సగం సగం అవకాశం.

కారం మిర్చిని క్యాప్సికంతో కలిపారనుకోండి. కారం ప్రబల గుణం (జంటలో ఒక్కటున్నా బయటపడేది) కాబట్టి మొదటి తరం (ఎఫ్‌1) మొత్తం కారమే. ఆ మొక్కల గింజలు విత్తితే రెండో తరంలో నాలుగింట ఒక మొక్కకు కారం ఉండదు. మెండెల్ 1866లో అచ్చువేసిన బఠానీ లెక్క కూడా ఇదే: గుండ్రటివి 5,474, ముడతలవి 1,850. దాదాపు మూడుకు ఒకటి.

దిగుబడి, ఎత్తు, కాయ పొడవు ఒక్క జన్యువుతో తేలేవి కావు. తల్లీ తండ్రీ పది జన్యువుల్లోనే తేడాగా ఉన్నారనుకున్నా, ఆ పదింటిలోనూ ప్యాకెట్ మొక్కలాగే జంట కుదిరేది 1,024 మొక్కల్లో ఒక్కదానికి. నిజానికి తేడాలు పదికి మించే ఉంటాయి. పైగా హైబ్రిడ్ జోరుకు మూలమైన మిశ్రమ జంటలు (తల్లిది ఒక తీరు, తండ్రిది ఇంకో తీరు ఉన్నవి) ఒక్క తరంలోనే సగానికి పడిపోతాయి.

గద్వాల_క్రాసింగ్: పత్తి సంగతి ఇంకా లోతు. సీడ్ పత్తిలో, అంటే హైబ్రిడ్ విత్తనం తయారీకి వేసే పత్తిలో, సాయంత్రం ఆడ మొక్క మొగ్గను, అంటే మర్నాడు విచ్చుకోబోయే లేత మొగ్గను, బొటనవేలి గోటితో గీరి రేకులూ కేసరాలూ కలిపి తీసేస్తారు. కీలాగ్రం (పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కొన) మాత్రం మిగలాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్ది, దారం కడతారు. రెండు మూడు కేసరాలు మిగిలిపోయినా ఆ కాయలో స్వపరాగం (తన పుప్పొడే తనకు పడటం) జరిగి తల్లి రకం గింజలు కలుస్తాయి. సాయంత్రం చెయ్యి తప్పిన మొగ్గ పొద్దున పువ్వై కనిపిస్తే కోసి పారేయాల్సిందే.

ఇక బీటీ, అంటే కాయ తొలిచే పురుగును చంపే విషాన్ని మొక్కలోనే తయారుచేయించే జన్యువుల సంగతి. చాలా హైబ్రిడ్లలో బీటీ జన్యువులు ఒక్క వైపు వరుస నుంచే వస్తాయి. బీజీ-2 అనే బీటీ పత్తిలో రెండు జన్యువులు వేర్వేరు చోట్ల ఉంటాయి కనుక దేనికది విడిపోతుంది. మన పొలంలో మొక్క ఆకులో, కాయ తొక్కలో రెండూ ఉంటాయి. కాయలోని గింజ మాత్రం అప్పటికే తర్వాతి తరం. ప్రతి 16 గింజలకు సగటున 9టిలో రెండు జన్యువులూ, 3టిలో ఒకటే, ఇంకో 3టిలో రెండోది మాత్రమే, ఒకదాంట్లో ఏదీ ఉండదు. గులాబీ రంగు పురుగు బతికేదే గింజ తిని. ఒకే కాయలో దానికి విషమున్న గింజా, లేని గింజా దొరుకుతాయి. అది బీటీకి అలవాటు పడిపోవడానికి ఇదీ ఒక కారణమని శాస్త్రవేత్తలు ఎత్తిచూపారు. ఆ గింజలనే దాచి విత్తితే ఏ రక్షణా లేని మొక్కలు చేనంతా చెదురుమదురుగా మొలుస్తాయి. ఏ మొక్క ఏదో కంటికి తెలియదు, ఆకు ముక్క నలిపి స్ట్రిప్ పరీక్ష చేయాలి.

ఆడమగ_వరి: హైబ్రిడ్ వరి గింజ అసలే దాచొద్దు. కరీంనగర్ వైపు ఆడ-మగ వరిలో (హైబ్రిడ్ విత్తనం కోసం వేసే వరిలో) ఆడ వరుసకు పుప్పొడి పనిచేయదు. ఆ వంధ్యత్వం కణద్రవ్యంలో (కణంలో కేంద్రకానికి బయటి భాగంలో) ఉంటుంది, తల్లి నుంచి మాత్రమే పిల్లకు వస్తుంది. దాన్ని సరిచేసే జన్యువులు మగ వరుస కేంద్రకంలో ఉంటాయి. ఎఫ్‌1 మొక్కల్లో అవి ఉంటాయి కాబట్టి పంట నిండుగా వస్తుంది. మరుసటి తరంలో వంధ్య కణద్రవ్యం అన్ని మొక్కలకూ అందుతుంది, సరిచేసే జన్యువులు మాత్రం కొన్నింటికి అందవు. ఆ మొక్కల వెన్నులు తాలు. ఎరువు ఎంత వేసినా నిండవు.

సాంబ మసూరి (బీపీటీ 5204), ఎంటీయూ 1010, ఆర్‌ఎన్‌ఆర్ 15048 వంటివి సూటి రకాలు, తమలో తామే పరాగం చేసుకునేవి. వాటి గింజ నిక్షేపంగా దాచుకోండి. వేరే రకానికి 3 మీటర్ల ఎడం ఉంచి, పూత దశలోనూ కోతకు ముందూ కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) ఏరేస్తే చాలు.

మొక్కజొన్న_కంకి: ఒక సందేహం. మిర్చి పక్కన క్యాప్సికం వేస్తే ఆ ఏడాదే కాయకు కారం ఎక్కుతుందంటారు. స్వీట్‌కార్న్‌కు నిజంగానే తీపి తగ్గుతోంది కదా?

వంగడం_వివరం: రెండూ ఒకటి కావు. మనం తినే క్యాప్సికం గోడ పూర్తిగా తల్లి కణజాలం. పరాయి పుప్పొడి ప్రభావం లోపలి గింజల్లోనే ఉంటుంది, అవి మొలిచి కాస్తేనే బయటపడుతుంది. మొక్కజొన్నలో మనం తినేది గింజనే. అందులోని పిండి భాగానికి తండ్రి నుంచి కూడా జన్యువు వస్తుంది. తీపి అంతర్గత గుణం (జంటలో రెండూ అవే అయితేనే బయటపడేది) కావడంతో మామూలు మొక్కజొన్న పుప్పొడి పడిన గింజ అదే కంకిలో పిండిగా మారుతుంది. ఎడం కుదరకపోతే పీచు దశలు కలవకుండా మూడు వారాల తేడాతో విత్తండి.

మిర్చితోట: మరి నచ్చిన మొక్కను పట్టుకుని సొంత రకం నిలబెట్టుకోవాలంటే?

వంగడం_వివరం: కుదురుతుంది, ఓపిక కావాలి. రెండో తరంలో కనీసం 200 మొక్కలు పెంచండి. పది ఇరవై పెంచి ఎంచుకుంటే మంచి కలయిక అసలు కంటపడకపోవచ్చు. ఎంచిన మొక్క మొగ్గలు విచ్చకముందే పలుచని గుడ్డ సంచి కట్టాలి, మిర్చిలో తేనెటీగల వల్ల పరపరాగం బాగా జరుగుతుంది. గింజలను మొక్కవారీగా విడివిడిగా తీసి, నంబరు రాసి, వేర్వేరు వరుసల్లో విత్తండి. అన్నీ ఒకే సంచిలో కలిపితే ఏ వరుస నిలకడగా ఉందో తేల్చలేరు. స్వపరాగంతో మిశ్రమ జంటలు తరానికి సగం చొప్పున తగ్గుతాయి: ఎఫ్‌2లో 50 శాతం, ఎఫ్‌3లో 25, ఎఫ్‌4లో 12.5, ఎఫ్‌6కు 3 శాతం చిల్లర.

ప్రబల గుణమున్న మొక్క శుద్ధమా మిశ్రమమా తెలియాలంటే దాని గింజలతో కనీసం 17 మొక్కలు పెంచండి. ఒక్కదాంట్లోనూ అంతర్గత గుణం కనిపించకపోతే మిశ్రమమయ్యే అవకాశం చాలా తక్కువ. మిశ్రమమైనా 17లో ఒక్కటీ బయటపడకుండా పోవడం నూటికి ఒక్కసారి కూడా జరగదు. అంతర్గత గుణం ఉన్న మొక్కతో కలిపి చూస్తే 7 మొక్కలతోనే అంత నమ్మకం వస్తుంది. కాకపోతే క్రాసింగ్ చెయ్యి తిరిగి ఉండాలి.