హైదరాబాద్ నుంచి డాలస్: ఎంత దూరం, ఎన్ని గంటలు?

కొత్త స్టూడెంట్: అన్నలూ, అక్కలూ, ఆగస్టులో మాస్టర్స్‌కి డాలస్ వస్తున్నా, దోహా మీదుగా. టికెట్‌లో తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4:30కి దిగుతానని ఉంది. "అమెరికాకి పన్నెండున్నర గంటలేనా?" అని నాన్న నమ్మట్లేదు. అసలు దూరం ఎంత?

ప్లేనో బాబాయ్: గ్లోబు మీద దారం లాగితే సుమారు 14,400 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. డైరెక్ట్ ఫ్లైట్ లేదు కాబట్టి నీకు ఆ లెక్కతో పని లేదు. దోహాకి దాదాపు 2,900, అక్కణ్ణుంచి డాలస్‌కి 12,700 పైన. రెండో ఫ్లైట్ ఒక్కటే 16 గంటలు. టైమ్ తేడా పదకొండున్నర గంటలు కలుపుకో, నాన్నగారికి లెక్క సరిపోతుంది.

ఇర్వింగ్ వదిన: పదకొండున్నర చలికాలంలో బాబాయ్ గారూ! ఆగస్టులో పదిన్నరే. పన్నెండున్నరకి పదిన్నర కలిపితే 23 గంటలు.

ప్లేనో బాబాయ్: ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నా అమ్మా. సరే, మార్చిలో గడియారం మారుస్తారు, ఒప్పుకుంటున్నా.

ఇర్వింగ్ వదిన: తమ్ముడూ, గంటల సంగతి వదిలెయ్. మొత్తం ఒకే టికెట్టేనా? ముందు అది చూసుకో. నేను ఎనిమిది వేలు మిగులుతాయని ముంబై దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకొకటి కొన్నా. వాన. మొదటి ఫ్లైట్ మూడు గంటలు లేటు. రెండో ఎయిర్‌లైన్ కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "నో షో మేడమ్" అంది. ఆలస్యం వాళ్లది కాదట, టికెట్ పోయినట్టేనట. మొదటివాళ్లేమో "ముంబైలో దింపాం కదా" అన్నారు. రెండు పెద్ద పెట్టెలు, వాటిలో ఒకదాంట్లోంచి కారుతున్న ఆవకాయ నూనె. పదకొండు గంటలు ట్రాలీ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నా. చివరికి మా ఆయన కార్డు మీద కొత్త టికెట్. ఎనిమిది వేల మాట ఇంట్లో ఇప్పటికీ వస్తుంది.

ఫ్రిస్కో రావు: చికాగోలో మారేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. ఇమిగ్రేషన్ అక్కడే. పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి. రెండు గంటల గ్యాప్ చాలదు. అదే అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది.

ప్లేనో బాబాయ్: పిల్లాడు దోహా అంటే నువ్వు అబుదాబి తిప్పుతావేంటి రావూ? బాబూ, దోహాలో పెట్టెల జోలికి పోకు, ఒకే టికెట్ అయితే నేరుగా డాలస్‌కి వచ్చేస్తాయి. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం మాత్రం చేతి బ్యాగులో పెట్టుకో. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు దిగితే రానివ్వరు.

కొత్త స్టూడెంట్: ఒకే టికెట్టే అక్కా. నాన్న లెక్క ఒప్పుకున్నారు. ఇప్పుడు "తిరిగొచ్చేటప్పుడు గంటన్నర తక్కువేంటి?" అంటున్నారు.

ఫ్రిస్కో రావు: పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. ఇటు వచ్చేటప్పుడు ఎదురుగాలి, అటు వెళ్లేటప్పుడు వెనకనుంచి తోపు.

ఇర్వింగ్ వదిన: ఆవకాయకి రెండు కవర్లు చాలవు, మూడు వెయ్యమను అమ్మని.