మొదటి వైర్‌లెస్ రిమోట్: టెస్లా పడవా, బోస్ గంటా?

గోదారి_కుర్రోడు: 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టెస్లా నీళ్ల తొట్టిలో పడవ నడిపాడు, అదే మొదటి రిమోట్ కంట్రోల్ అని ఎక్కడ చూసినా రాస్తారు. అంతకు మూడేళ్ల ముందే, 1895లో, కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ గారు తీగ లేకుండా, గోడల అవతల గంట మోగించారు, మందుగుండు పేల్చారు. ఆయన పేరు ఎందుకు రాయరు?

స్పార్క్‌గ్యాప్: బోస్ గొప్పవారే, కాదనను. కానీ గంట మోగింది, అంతే. టెస్లా పడవ చుక్కాని తిరిగింది, మోటారు నడిచింది, ఆగింది, దీపాలు వెలిగాయి. సిగ్నల్ వచ్చినప్పుడల్లా లోపలి చక్రం ఒక మెట్టు జరిగి ఇంకో సర్క్యూట్ కలిపేది. సిగ్నల్‌ను పసిగట్టే కొహీరర్ గొట్టంలో లోహపు పొడి సిగ్నల్ తగలగానే అతుక్కుపోతుంది. విడదీయకపోతే రెండో సిగ్నల్ అందదు. గొట్టం దానంతటదే తిరగబడే ఏర్పాటు టెస్లా పడవలోనే పెట్టాడు. కష్టమంతా అక్కడుంది. అమెరికా పేటెంటు 613809, నవంబర్ 8, 1898.

గోదారి_కుర్రోడు: పేటెంటు నంబరు ఎవరడిగారండీ? 1895 ముందా, 1898 ముందా?

శ్రావణి_ఈసీఈ: స్పెయిన్ ఇంజినీరు టోరెస్ కెవెడోని ఇద్దరూ వదిలేశారు. 1903లో టెలికినో అనే వైర్‌లెస్ రిమోట్ చూపించాడు, 1906లో బిల్బావోలో రాజు ఎదుట ఒడ్డు నుంచే పడవ నడిపాడు.

టీవీ_మెకానిక్: మా షాపుకొచ్చేవాళ్లకు రిమోట్ అంటే టీవీదే. 1955 జెనిత్ ఫ్లాష్‌మాటిక్ వెలుతురుతో పనిచేసేది, ఎండ పడితే ఛానెల్ మారిపోయేది. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ చేసిన స్పేస్ కమాండ్‌లో బ్యాటరీయే లేదు.

గోదారి_కుర్రోడు: టాపిక్ మార్చకండి. నేను పనిచేసిన చోట పంపు మోటారును దూరం నుంచి ఆన్ చేసే బోర్డు తయారుచేశాను. పై అధికారి దాన్ని పెట్టెలో బిగించి తన పేరు వేసుకున్నాడు. ఇక్కడ జరిగేదీ అదే.

స్పార్క్‌గ్యాప్: మీకు అన్యాయమే జరిగింది. కానీ అది 1898కి సాక్ష్యం ఎలా అవుతుంది?

గోదారి_కుర్రోడు: ఎందుకవదు? చేసి చూపించినవాడు వెనక్కి, కాగితం రాసుకున్నవాడు ముందుకి! బోస్ గారికి పేటెంట్లంటేనే ఇష్టం లేదు. మిత్రులు పట్టుబట్టబట్టి తరంగాలను పసిగట్టే ఆయన డిటెక్టర్‌కు 1904లో ఒక అమెరికా పేటెంటు వచ్చింది.

స్పార్క్‌గ్యాప్: పేటెంటు చింపేసినా నా మాట మారదు! నేను ల్యాబ్‌లో పాఠం చెప్పినవాణ్ణి. గంట సర్క్యూట్ అందరూ చేసేస్తారు. ఒకే రిసీవర్‌తో రెండు పనులు చేయించమంటే సగం మంది ఆగిపోతారు. ఆ శ్రమకు మీరు విలువే ఇవ్వడం లేదు.

గోదారి_కుర్రోడు: మొదటి పని జరగందే రెండోది ఎక్కడిది? మీరు యంత్రం పూర్తి చేసినవాడికి పట్టం కడుతున్నారు. నేను దారి వేసినవాడికి ఇమ్మంటున్నాను.

శ్రావణి_ఈసీఈ: దారి వేసినవాడికే అయితే బోస్ దగ్గరే ఎందుకు ఆగాలి? 1890లోనే పారిస్‌లో బ్రాన్లీ దూరంగా నిప్పురవ్వ పుట్టించి గొట్టంలోని లోహపు పొడిలో కరెంటు పారించాడు.

గోదారి_కుర్రోడు: మీటరు ముల్లు కదిలింది, అంతేగా.

స్పార్క్‌గ్యాప్: గంట గురించి నేనన్నదీ అదే.

గోదారి_కుర్రోడు: ముల్లు కదలడం వేరు, గోడ అవతల మందుగుండు పేలడం వేరు. అది దూరాన జరిగిన పని. టెస్లా పేరుకు పైన బోస్ గారి పేరు ఉండాల్సిందే.