విరాళాల కోసం చేసే సైకిల్ రైడ్‌లో టైమింగ్, ర్యాంకులు ఉండాలా?

ఆఖరి వరస:

ఏటా ఒక క్యాన్సర్ వైద్య నిధి కోసం జరిగే సైకిల్ రైడ్ నిర్వాహక బృందంలో ఉన్నాను. వచ్చే రైడ్‌కి చిప్ టైమింగ్ (సైకిల్‌కు తగిలించిన చిప్, నేల మీద పరిచిన మ్యాట్ దాటగానే సమయం నమోదవుతుంది) పెట్టి, మొదట వచ్చిన ముగ్గురికి బహుమతులిచ్చి, అందరి ర్యాంకులూ ప్రకటిద్దామని ప్రతిపాదన వచ్చింది. బృందంలో సగం మంది సరే అన్నారు. నేను వద్దన్నాను. ఈ ఫోరంలో రైడ్‌లు నడిపేవాళ్లూ రేసులు తొక్కేవాళ్లూ ఉన్నారు కాబట్టి నా అభ్యంతరాలు మీ ముందు పెడుతున్నాను.

మాకు రోడ్డు మొత్తం ఖాళీ చేసి ఇవ్వరు. కూడళ్ల దగ్గర మార్షల్స్ కాసేపు వాహనాలు ఆపుతారు, మిగతా దారంతా ట్రాఫిక్ పక్కనే తొక్కాలి. అలాంటి చోట ర్యాంకు అనగానే మనిషి తొక్కే తీరు మారిపోతుంది. నీళ్ల టేబుల్ దగ్గర ఆగడు. మార్షల్ చెయ్యి అడ్డం పెడుతున్నా సందులోంచి దూరిపోవాలని చూస్తాడు. ట్యూబు మార్చుకోలేక పక్కన నిలబడ్డ మనిషిని చూసీ చూడనట్టు వెళ్లిపోతాడు. అతను మంచివాడే. అతని మెడ మీద గడియారం పెట్టి పంపింది మనం.

ఇక డబ్బు ఎవరు తెస్తారన్నది. మా రైడ్‌కి ఎక్కువ విరాళాలు తెచ్చేవాళ్లు ముందు వరసలో ఉండరు. అమ్మకు జబ్బు చేసిందనో, తమకే నయమైందనో వచ్చేవాళ్లు తెస్తారు. మొహమాటం పక్కన పెట్టి బంధువులనూ ఆఫీసువాళ్లనూ ఎప్పటి స్నేహితులనో అడిగి తెస్తారు. వాళ్లలో చాలామంది గంటకు 15 కిలోమీటర్లు మించి తొక్కలేరు.

అమెరికాలో పాన్ మాస్ ఛాలెంజ్ అనే రైడ్ ఉంది. తల్లి క్యాన్సర్‌తో చనిపోయిన కొన్నేళ్లకు బిల్లీ స్టార్ అనే ఆయన 1980లో 36 మందితో మొదలుపెట్టారు. మొదటి ఏడాది వచ్చింది పది వేల డాలర్ల పైచిలుకు. ఇప్పటివరకు డానా ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది 100 కోట్ల డాలర్లు దాటింది. అది రేసు కాదు. అంత డబ్బు రావడానికి విజేతల స్టేజీ అక్కర్లేకపోయింది. మరి మనకెందుకు?

ఎత్తుపల్లాలు:

ఆఖరి వరస గారూ, మీరు చెప్పిన ఇబ్బందులు నేనూ చూశాను. వాటన్నిటికీ టైమింగే కారణమంటే మాత్రం ఒప్పుకోలేను.

కేప్‌టౌన్ సైకిల్ టూర్ తీసుకోండి. సైకిళ్లకు దారులు కావాలంటూ 1977లో జరిపిన నిరసన రైడ్ నుంచి పుట్టింది, 1978లో మొదలైంది. ఇప్పుడది 109 కిలోమీటర్లు, వేలకు వేల మంది, ప్రతి ఒక్కరికీ టైమింగ్. మిగిలిన సొమ్ము సైక్లిస్టుల సంఘానికీ, ఒక రోటరీ క్లబ్ ద్వారా సేవా పనులకూ వెళుతుంది. పాత టైమింగులను బట్టే ఎవరు ఏ బ్యాచ్‌లో బయల్దేరాలో అక్కడ నిర్ణయిస్తారు. వేగంగా తొక్కేవాళ్లు ముందు వెళ్లిపోతారు, నెమ్మదిగా తొక్కేవాళ్ల పక్కనుంచి దూసుకెళ్లే అవసరమే తగ్గుతుంది. టైమింగ్ లేకపోతే ఎవరి వేగం ఎంతో మీకెలా తెలుస్తుంది? ఫారంలో అడిగితే సగం మంది ఎక్కువ చెబుతారు, మిగతావాళ్లు భయపడి తక్కువ చెబుతారు.

ఇంకో మాట. మీరు చిప్ తీసేసినంత మాత్రాన పోటీ పోదు. హ్యాండిల్ మీద చిన్న కంప్యూటర్ ఉంటుంది, జేబులోని ఫోన్‌లో వేగం లెక్కగట్టే స్ట్రావా యాప్ నడుస్తూ ఉంటుంది. ఇంటికి వెళ్లేసరికి ఎవరు ఎవరికన్నా ఎన్ని సెకన్లు ముందో లెక్క తయారు. ఆ పోటీ ఎలాగూ జరుగుతున్నప్పుడు మన అదుపులో జరిగితే మంచిది కదా.

మూడు నెలలు తెల్లవారుజామున లేచి ప్రాక్టీస్ చేసినవాళ్లకు ఒక అంకె కావాలనిపిస్తుంది. దాన్ని అహంకారమనకండి. ఆ అంకె కోసం వచ్చేవాళ్లూ ఫీజు కడతారు, విరాళం తెస్తారు.

గాలివాలు:

ఇద్దరూ మనుషుల మనస్తత్వం గురించి మాట్లాడుతున్నారు. నేను బ్రేకుల గురించి మాట్లాడతాను.

గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ముందు ఏదో అడ్డం వచ్చిందని గుర్తించి వేళ్లు బిగించడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. బ్రేకు పట్టేలోపే 10 మీటర్లు పోయాయి. 18లో తొక్కేవాళ్లకు అదే 5 మీటర్లు. ఆ తర్వాత బ్రేకు పట్టాక ఆగే దూరం మాత్రం రెండింతలతో సరిపోదు, నాలుగింతలవుతుంది. ఎనిమిదేళ్ల పిల్లా, రేసు బండి మీద ముప్పయ్యేళ్ల మనిషీ ఒకే రోడ్డు మీద ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

గుంపు సంగతి ఇంకా ముఖ్యం. ముందున్న సైకిల్‌కు దగ్గరగా తొక్కితే ఎదురుగాలి తగ్గి, పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ కలిసొస్తుంది. టైమింగ్ ఉన్న రోజున ఈ సంగతి తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ ఏదో ఒక గుంపు వెనక అంటుకుంటారు. అలవాటు లేనివాళ్లు చేసే పని ఒకటుంది: తమ ముందు చక్రాన్ని ముందువాళ్ల వెనక చక్రం పక్కకు పోనిస్తారు. ముందున్న మనిషి గుంత తప్పించుకోవడానికి జానెడు పక్కకు జరిగితే చాలు, రెండు చక్రాలూ రాసుకుంటాయి. ముందు మనిషి కాస్త తూలి నిలదొక్కుకుంటాడు. వెనక మనిషి పడతాడు. సైకిల్ నిలబడేదే ముందు చక్రాన్ని మనకు తెలియకుండానే అటూ ఇటూ చిన్నగా తిప్పుతూ ఉండటం వల్ల. అది ఇంకో చక్రానికి ఆనుకుపోతే తిరగదు, తిరగకపోతే నిలబడదు. ఆ వెనకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు.

క్లబ్బుల్లో తొక్కేవాళ్లు దీన్ని నెలల తరబడి నేర్చుకుంటారు. గుంత కనబడితే చేత్తో చూపిస్తారు, "కారు వెనక" అని అరుస్తారు, హఠాత్తుగా బ్రేకు వేయరు. ఏడాదికోసారి సైకిల్ బయటికి తీసేవాళ్లకు ఇవేవీ తెలియవు, తెలియాలనీ లేదు. కాబట్టి బ్యాచ్‌ల విషయంలో ఎత్తుపల్లాలు గారితో ఏకీభవిస్తాను. అందరికీ ఒకే ర్యాంకుల పట్టీ పెట్టడం మాత్రం ప్రమాదమే.

కొత్త పెడల్:

నేను రైడ్‌లు నడపలేదు, గెలవలేదు. పాల్గొన్నాను, అంతే. ర్యాంకులు పెట్టిన ఒక రైడ్‌లో మా అక్కా నేనూ వెళ్లాం. మేము చివర చేరేసరికి ఫినిష్ ఆర్చ్‌లోంచి గాలి తీసేస్తున్నారు. అది మెల్లగా వంగి నేల మీద పడుతుంటే పక్కనుంచి సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. మెడల్స్ ఉన్న పెట్టె అప్పటికే వ్యాన్‌లోకి ఎక్కేసింది. బహుమతులు ఇచ్చేశారు కాబట్టి కార్యక్రమం అయిపోయిందనుకున్నారు.

చికిత్స తీసుకుని ఏడాది కూడా కాని మనిషి మా అక్క. విరాళాలు నాకన్నా తనే ఎక్కువ తెచ్చింది. ఆ సాయంత్రం ఆన్‌లైన్‌లో పెట్టిన పట్టీలో తన పేరు అట్టడుగున ఉంది. తర్వాతి ఏడాది రానంది.

ఎత్తుపల్లాలు:

కొత్త పెడల్ గారూ, చాలా బాధగా ఉంది చదువుతుంటే. అక్కడ చివరి మనిషి వచ్చేదాకా ఆర్చ్ ఉంచాల్సింది, ఇందులో రెండో మాట లేదు. ర్యాంకులున్నా లేకున్నా అది నిర్వాహకుల కనీస బాధ్యత.

జమాఖర్చు:

రెండు సేవా సంస్థలకు ఆడిట్ చేస్తాను, కాబట్టి ఖాతాల వైపు నుంచి చెబుతాను.

చిప్‌లు, మ్యాట్‌లు, ఫలితాలు చూసే మనుషులు, బహుమతులు, అన్నీ ఖర్చే. ఆ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి. దాత ఇచ్చింది వైద్యానికి. పాన్ మాస్ ఛాలెంజ్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను: రైడర్లు తెచ్చిన ప్రతి డాలరూ ఆసుపత్రికే వెళుతుంది, నిర్వహణ ఖర్చులు స్పాన్సర్ల నుంచీ ఫీజుల నుంచీ వస్తాయి. నమ్మకం నిలబడేది అక్కడే.

దానికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1994లో డాన్ పాలొట్టా సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజిలిస్‌కు ఎయిడ్స్ రైడ్ మొదలుపెట్టింది. అందులో ర్యాంకులేమీ లేవు. కోట్లలో డబ్బు వచ్చింది. కానీ ఖర్చులు మరీ ఎక్కువన్న విమర్శలు ముదిరి 2002లో ఆ సంస్థ మూతపడింది. అదే దారిలో వేరే సంస్థలు ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ పేరుతో 545 మైళ్ల రైడ్ నడిపాయి. ఖర్చులు పెరిగి, వచ్చేవాళ్లు తగ్గి, 2025తో అదీ ఆగింది. అంటే పోటీ లేనంత మాత్రాన రైడ్ క్షేమంగా సాగుతుందని భరోసా లేదు, ఆఖరి వరస గారూ. ఇది మీరు ఒప్పుకోవాలి.

అలాగే రేసు అని పేరు పెట్టగానే అనుమతులూ బీమా షరతులూ మారిపోతాయి. బ్రిటన్‌లో రోడ్డు మీద జరిగే సైకిల్ రేసులకు 1960 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. అక్కడి స్పోర్టివ్‌లు (చాలామంది కలిసి తొక్కే దూరపు రైడ్‌లు) తమను రేసు అని చెప్పుకోకపోవడానికి ఇదో కారణం. మీ బీమా పత్రంలో "పోటీ" అన్న మాట దగ్గర ఏం రాసి ఉందో బృందంలో ఎవరైనా చదివారా?

ఆఖరి వరస:

చదవలేదు. రేపే తీసి చూస్తాను. ఖర్చుల మాటా ఒప్పుకుంటాను; పోటీ తీసేస్తే సగం సమస్యలు పోతాయనే నా నమ్మకం, అన్నీ పోతాయని కాదు.

కేప్‌టౌన్ విషయంలో మాత్రం ఒకటి మరిచిపోతున్నాం. అక్కడ సైకిళ్ల కోసం రోడ్లు మూసేస్తారు. మాకు ఆ అవకాశం లేదు. మూసిన రోడ్డు మీద న్యాయమైంది తెరిచిన రోడ్డు మీద న్యాయం కానక్కర్లేదు.

టైమ్ అన్నదే వద్దనడం లేదు నేను. బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌లు, తొక్కేవాళ్లను చూడండి. ఫ్రాన్స్‌లోని పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891లో రేసుగానే పుట్టింది. ఇప్పుడది నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల రైడ్, గరిష్ఠ గడువు 90 గంటలు. గడువులోపు వచ్చిన ప్రతి మనిషీ సమానమే. మామూలు 200 కిలోమీటర్ల బ్రెవేకి పదమూడున్నర గంటలు. నాకు బాగా నచ్చేది ఇంకొకటి: దారిలో ఉండే కంట్రోల్ పాయింట్లకు మూసే సమయమే కాదు, తెరిచే సమయం కూడా ఉంటుంది. 200 కిలోమీటర్ల దాకా గంటకు 34 కిలోమీటర్ల వేగం లెక్కన. అంతకన్నా ముందు వచ్చినవాళ్లు తెరిచేదాకా నిలబడాలి. దూసుకెళ్లి లాభం లేదని నియమంలోనే రాసేశారు. అయినా బ్రెవే పూర్తి చేసినవాళ్ల ముఖంలో గర్వం ఎవరికీ తక్కువుండదు. ఎత్తుపల్లాలు గారు చెప్పిన "ఒక అంకె" ఆకలి ఇలా తీరదా?

ఎత్తుపల్లాలు:

కొంత తీరుతుంది. పూర్తిగా తీరదు. గడువు ఒక్కటే చాలనుకునేవాళ్లకు బ్రెవే ఉంది. పక్కవాళ్లతో పోల్చుకుంటేనే ఒంట్లో ఉన్నదంతా బయటికొచ్చే మాలాంటివాళ్లూ ఉన్నారు.

సరే, ఒక మధ్యేమార్గం. గ్రాన్ ఫాండోలనే దూరపు సామూహిక రైడ్‌లలో కొన్నింట్లో మొత్తం దూరానికి టైమ్ లెక్కపెట్టరు. కొండ ఎక్కే భాగాలను మాత్రమే టైమ్ చేస్తారు. ఎక్కేటప్పుడు వేగం ఎలాగూ తక్కువ, గుంపు విడిపోతుంది, గాలి చాటున దాక్కుని లాభం ఉండదు, ఎవరి కాళ్ల సత్తా వాళ్లదే. కొండ మీద పోటీ, మిగతా దారంతా విహారం. నీళ్ల టేబుల్ దగ్గర అరగంట కూర్చున్నా టైమ్ పోదు. పంక్చర్ అయినవాళ్లకు సాయం చేసినా పోదు. మీ మొదటి పోస్టులోని మూడు ఫిర్యాదులూ దీంతో తీరతాయి.

గాలివాలు:

ఇది బాగుంది. అయితే మ్యాట్‌లు ఎక్కడ వేస్తారన్నదాని మీదే అంతా ఉంటుంది. కొండ మొదలయ్యే మలుపులోనే వేస్తే దాని ముందు అందరూ ఊపందుకోవడానికి తోసుకుంటారు. ఎక్కడం మొదలై, వేగాలు పడిపోయిన తర్వాత వేయండి. పైన కూడా శిఖరం దాకా తీసుకెళ్లొద్దు. కాస్త ముందే ఆపండి. లేకపోతే ఆఖరి సెకన్ల కోసం తలవంచుకుని తొక్కుతూ అదే ఊపులో దిగుడులోకి పడిపోతారు, రొప్పుతూ, చేతులు వణుకుతూ. మ్యాట్ దాటాక ఊపిరి తీసుకోవడానికి చదునైన జాగా ఉండాలి. నీళ్ల టేబుల్ అక్కడే పెడితే వాళ్లంతట వాళ్లే ఆగుతారు.

ఒక మార్షల్‌ను దిగుడులో మొదటి మలుపు కన్నా ముందు నిలబెట్టండి, మలుపులో కాదు. మలుపులో ఉన్న మనిషి కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

జమాఖర్చు:

కొండకు మాత్రమైతే చిప్ కావాలన్నవాళ్లు దాని ఖర్చు విడిగా కట్టుకోవచ్చు. దాతల డబ్బు ముట్టుకోనక్కర్లేదు. ఖాతాలో వేరే పద్దు రాయండి, రైడ్ అయిన నెలలోపు వచ్చింది ఎంత, పోయింది ఎంత అందరికీ పంపండి.

కొత్త పెడల్:

చిప్ వద్దనుకున్నవాళ్ల పేర్లు ఎక్కడా రాకూడదు. "పాల్గొనలేదు" అని కూడా రాకూడదు.

ఆఖరి వరస:

కొండ ప్రతిపాదన బృందం ముందు పెడతాను: చిప్ కోరినవాళ్లకే, ఖర్చు వాళ్లదే, ఫలితం ఎవరిది వాళ్ల ఫోన్‌కే. పట్టీ ఉండదు, స్టేజీ ఉండదు. ఫినిష్ దగ్గర స్వీప్ వాహనం (అందరికన్నా వెనక వచ్చే బండి) లోపలికి వచ్చేదాకా ఆర్చ్‌నూ మెడల్స్ టేబుల్‌నూ కదపకూడదని విడిగా రాయిస్తాను. ఆ టేబుల్ దగ్గర నేనే ఉంటాను.

ఎత్తుపల్లాలు:

పట్టీ ఉండదన్న దగ్గర నా అసమ్మతి నమోదు చేసుకోండి. ఇష్టపడి పేరిచ్చినవాళ్ల పట్టీ ప్రకటిస్తే ఎవరికీ నష్టం లేదు. దీని మీద బృందంలో ఓటు పెట్టించండి, నేను వచ్చి మాట్లాడతాను. మిగతాదంతా ఒప్పుకుంటున్నాను. కొత్త పెడల్ గారూ, మీ అక్కగారిని ఈసారి తీసుకురండి. నేను నా టైమ్ చూసుకుని కొండ దిగి వెనక్కి వస్తాను, ఆవిడతో పాటే చివరిదాకా తొక్కుతాను.